సాయంత్రం దాకా కూర్చునే శిక్ష

నంద్యాల బార్ హాలులో నాకొక పేరు ఉంది. అర్జీల సారు. ఆ పేరు పెట్టిన తోటి వకీలు ఇప్పుడు లేడు కాబట్టి ఆయన పేరు రాయను. ఏ సందర్భంలో పెట్టాడో మాత్రం రాస్తాను. నేను చేసిన పెద్ద తప్పుకు అదీ ఒక కారణం.

ముప్పై ఎనిమిదేళ్లు క్రిమినల్ కేసులు చేసి మూడేళ్ల కిందట మానేశాను. వీడ్కోలు సభలో శాలువా కప్పినాయన నా ఇంటిపేరు తప్పు చదివాడు. సవరించమంటే నవ్వాడు. సరే.

కొత్తగా నల్లకోటు వేసుకుంటున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. గెలిచిన కేసుల గురించి రాయను. వాటి గురించి చెప్పుకోవడానికి మన వృత్తిలో ఎవరికీ ప్రోత్సాహం అక్కర్లేదు. ఆళ్లగడ్డలో నేను ఒక్క పూటలో ముగించిన ఒక చిన్న కేసు గురించి రాస్తాను. పదిహేడేళ్ల తర్వాత ఆ కేసు ఆస్ట్రేలియాలో ఒక శిల్పి వీసా మీదికి వచ్చింది. నడవడిక మంచిది కాదన్న కారణంతో వీసా రద్దయితే అతనూ, భార్యా, అక్కడ బడిలో చదువుతున్న కూతురూ ఉన్నఫళంగా తిరిగి రావాలి. మళ్లీ ఆ దేశం గడప తొక్కే వీలు దాదాపు ఉండదు. ఆ నడవడికను కాగితం మీద పాడు చేసింది అతను కాదు. నేను.

ఒప్పిచ్చి పంపీ

మా సీనియర్ పుల్లయ్య గారు నన్ను రెండేళ్లు కూర్చోమనలేదు. కక్షిదారులకు బెంచీ, గుమాస్తాకు కుర్చీ, నాకు బీరువా. దానికి ఆనుకుని నిలబడి పని నేర్చుకున్నాను. చార్జిషీటు చివరి పేజీ నుంచి చదవమనేవాడు. సాక్షుల జాబితా చూస్తే కథలో ఎవరు లేరో ముందే తెలుస్తుందని. అది మంచి పాఠం, ఇప్పటికీ కాదనను. చెడ్డ పాఠం కూడా ఒకటి నేర్పాడు. చిన్న కేసు ఏది వచ్చినా ఆయన మాట ఒకటే.

"దీనికి వాదనేందప్పా? ఒప్పిచ్చి పంపీ."

మా వైపు గొడవ జరిగితే ఫిర్యాదులో ఎదుటి ఇంట్లోని మగవాళ్లందరి పేర్లూ రాయిస్తారు. కొట్టినవాడు, అడ్డం పోయినవాడు, ఆ రోజు నందికొట్కూరులో పెళ్లికి పోయినవాడు, అందరూ ముద్దాయిలే. రెండు మూడేళ్లు వాయిదాలు తిరిగాక ఇరువైపులా విసుగు పుట్టి రాజీకి వస్తారు. కానీ ఆయుధంతో గాయపరిచిన కేసుకు కోర్టులో రాజీ కుదరదు. అందుకని ఒక పద్ధతి ఉంది. ముద్దాయిల్లో ఒకడు నేరం ఒప్పుకుంటాడు. మిగతావాళ్లను గుర్తుపట్టలేమని సాక్షులు చెబుతారు. ఒక్కడికి శిక్ష, మిగతా అందరికీ విడుదల.

ఆ ఒక్కణ్ని ఎలా ఎంచుతారనేది మీరు తెలుసుకోవాలి. కొట్టినవాణ్ని ఎంచరు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాణ్ని ఎంచుతారు. ఇంటికి చిన్నవాడు, పెళ్లి కానివాడు, ఇంకా పేరు రానివాడు.

శిక్ష కూడా అందరికీ ముందే తెలిసిందే. కొంత జరిమానా, కోర్టు లేచేదాకా సాధారణ జైలు. అంటే ఆ రోజు మేజిస్ట్రేటు గారు కుర్చీలోంచి లేచి వెళ్లేదాకా కోర్టు హాలులో ఒక మూల బెంచీ మీద కూర్చోవాలి. సాయంత్రం ఇంటికి పోవచ్చు. చేతికి బేడీ ఉండదు, జైలు గేటు ఉండదు. దాన్ని మావాళ్లెవరూ శిక్ష అనరు. 'కూచోబెట్టినారు' అంటారు. కాగితం మీద మాత్రం దాని పేరు కారాగార శిక్షే.

ఒక్క పూట

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. రామాచారి షెడ్డు ముందు పక్క షెడ్డువాళ్ల రాయి దించుతున్నారు. దారి మూసుకుపోయిందని మాటా మాటా పెరిగింది. సుత్తి లేచింది. పక్క షెడ్డులో విగ్రహాలకు పాలిష్ పట్టే ఖాసిం కుడి మణికట్టు మీద దెబ్బ పడింది. ఫిర్యాదులో ఐదుగురి పేర్లు. మొదటిది రామాచారిది, చివరిది అతని తమ్ముడు మోహన్‌ది. మోహన్‌కు అప్పుడు పంతొమ్మిదేళ్లు, అన్న దగ్గర పని నేర్చుకుంటున్నాడు.

రాజీ మాటలు కుదిరాక రామాచారి షెడ్డులోనే కూర్చుని మాట్లాడుకున్నాం.

"నా పేరు మీద శిక్ష పడితే దేవస్థానం వాళ్లు పని ఈరు సార్," అన్నాడు రామాచారి. "వీడుండాడు గదా. వీనికేం పోతాది? పెండ్లా, పెండ్లామా?"

"ఏమంటావు మోహనా?" అన్నాను నేను, అన్న ఎదుటే.

"అన్న ఎట్ల చెప్తే అట్ల సార్."

నేను అతన్ని పక్కకు పిలిచి ఒక్కడితో మాట్లాడలేదు. సుత్తి ఎత్తింది నువ్వేనా అని అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే పని ఆగుతుంది. మన వృత్తిలో చాలా ప్రశ్నలు అందుకే అడగం.

పని ఆగకూడదని నాకు ఆ వారం ప్రత్యేకమైన పట్టుదల ఉంది. రెండు రోజుల ముందు బార్ హాలులో నేనొక సాక్షిని మళ్లీ పిలిపించమని అర్జీ రాసుకుంటుంటే, ఆ తోటి వకీలు అందరూ వినేలా అన్నాడు.

"ఈయప్ప చేతిలో కేసు పడితే ముద్దాయికి గడ్డం తెల్లబడల్లప్పా. అర్జీల సారు!"

హాలంతా నవ్వింది. కాఫీ తెచ్చినవాడు కూడా నవ్వాడు. ఒక కేసు ఒక్క పూటలో ముగించి చూపించాలని ఆ రోజే అనుకున్నాను.

ఆళ్లగడ్డ కోర్టులో మోహన్ బోనులో నిలబడ్డాడు. నేరం ఒప్పుకుంటున్నావా, ఎవరైనా బలవంతం చేశారా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. అతను నా వైపు చూశాడు. నేను తలూపాను. అతను ఒప్పుకున్నాడు.

"వయసెంత?" అన్నారు ఆయన.

"పంతొమ్మిది సార్."

ఆయన కలం పట్టుకుని నా వైపు చూశారు. "శిక్ష గురించి చెప్పుకునేది ఏమైనా ఉందా?"

ఉంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాణ్ని వీలైనంతవరకు జైలుకు పంపకుండా, మంచి నడవడికతో ఉంటానని పూచీ రాయించుకుని వదిలిపెట్టమని చెప్పే చట్టం ఒకటి ఉంది. అలా వదిలిపెడితే ఆ నేరం వల్ల ముందు ముందు వచ్చే అనర్హతలు కూడా అంటవు. ఆ చట్టం నాకు తెలుసు. మేజిస్ట్రేటు గారు నా నోటి నుంచి వినాలనుకున్నది అదేనని కూడా తెలుసు. కానీ అడిగితే అధికారి నివేదిక రావాలి. దానికి మరో వాయిదా కావాలి.

"ఏమీ లేదు సార్. దయ చూపండి," అన్నాను.

మోహన్ సాయంత్రం దాకా కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్న ఉగ్గాని బజ్జీ తెచ్చిపెట్టాడు. ఐదుకు పది నిమిషాలు ఉందనగా కోర్టు లేచింది.

"అయిపాయనా సార్? ఇంతేనా?" అన్నాడు బయటికి వస్తూ.

"ఇంతే. ఇంక మర్చిపో," అన్నాను.

మర్నాడు బార్ హాలులో ఆ సంగతి చెప్పాను. ఒక్క పూటలో ముగించానని. ఎవరూ వినిపించుకోలేదు. అందరూ ఏదో బదిలీ గురించి మాట్లాడుకుంటున్నారు.

నాలుగు వారాలు

పదిహేడేళ్ల తర్వాత ఒక ఉదయం ఫోను వచ్చింది.

"సార్, నేను మోహన్‌ను. ఆళ్లగడ్డ రామాచారి తమ్ముణ్ని."

"చెప్పు నాయనా. ఎట్లుండావు?"

"నాకు జైలు శిక్ష పడిందంట సార్."

"ఎప్పుడు?"

"మీరు ఇప్పిచ్చిందే సార్."

ఎకసెక్కెం కాదు. అతనికి వేరే మాట దొరకలేదు.

మోహన్ ఆరేళ్ల కిందట ఆస్ట్రేలియాలో ఒక గుడికి రాతిపని చేయడానికి తాత్కాలిక వీసా మీద పోయాడు. అప్పుడు పోలీసు సర్టిఫికెట్ అడగలేదు. దరఖాస్తులో మాత్రం, నీకెప్పుడైనా నేరం రుజువై శిక్ష పడిందా అన్న ప్రశ్న ఉంది. లేదని గుర్తు పెట్టాడు. తర్వాత భార్యను, కూతుర్ని తీసుకుపోయాడు. పని నచ్చి అక్కడే స్థిరంగా ఉండమన్నారు. దానికి దరఖాస్తు చేస్తే ఈసారి ఇక్కడి పోలీసు సర్టిఫికెట్ అడిగారు. అందులో పాత కేసు ఉంది.

"బెంచీ మీద కూసున్నా గానీ జైలుకు యాడ పోయినా సార్? నాకు నిజంగా తట్టలేదు. మీరే మర్చిపొమ్మన్నారు గదా."

ఆ దేశపు వలస అధికారి పంపిన నోటీసు నాకు పంపాడు. రెండుసార్లు చదివాను. ఆయుధంతో గాయపరిచిన నేరం, దానికి కారాగార శిక్ష, దాన్ని దాచి తప్పు సమాధానం ఇవ్వడం. ఇవి చూస్తే నీ నడవడిక మంచిదని నమ్మలేకపోతున్నాం, వీసా ఎందుకు రద్దు చేయకూడదో నాలుగు వారాల్లో చెప్పుకో అని ఉంది.

నాకు కోపం తేలిగ్గా వస్తుంది, తొందరగా పోదు. ఆ అధికారి మీద మాత్రం రాలేదు. పరాయి దేశం నుంచి వచ్చినవాడు ఎలాంటివాడో చూసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. ఆయన ముందున్న కాగితం ప్రకారం మోహన్ సుత్తితో మనిషిని కొట్టి జైలుకు పోయి, ఆ సంగతి దాచినవాడు. ఆ కాగితంలో ఒక్క అక్షరం కూడా ఆయన కల్పించింది కాదు. నా చేతుల మీదుగా తయారైంది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. సొంత దేశంలో ఉన్నవాడు ఒకసారి శిక్ష అనుభవిస్తే చాలామటుకు తీరిపోతుంది. పరాయి దేశంలో ఉన్నవాడి శిక్ష అతను పెట్టుకునే ప్రతి దరఖాస్తు దగ్గరా మళ్లీ విచారణకు వస్తుంది.

అక్కడ మోహన్ పెట్టుకున్న వకీలు ఒకావిడ. ఆవిడ మూడు అడిగింది. తీర్పు నకలు, ఆ శిక్ష అంటే ఏమిటో తెలిసినవాళ్ల ప్రమాణ పత్రం, దెబ్బ తిన్న మనిషి వాంగ్మూలం. మొదటి రెండూ రాసుకున్నాను. మూడోదాన్ని ఆఖరికి పెట్టుకున్నాను.

తీర్పు లేదు. ఇలాంటి చిన్న కేసుల ఫైళ్లు కొన్నేళ్ల తర్వాత నిబంధన ప్రకారమే తీసేస్తారు. రిజిస్టరులో ఒక్క వరుస మిగిలింది. దాని నకలుకు దరఖాస్తు పెడితే, ఇప్పుడు నువ్వు ఈ కేసులో వకీలువు కావు గదా అన్నారు. వాళ్లన్నది సరైన మాటే. మోహన్ దగ్గర అధికార పత్రం తెప్పించి రెండోసారి పెట్టాను. దాని మీద అక్కడి సాక్షి సంతకం సరిగా లేదన్నారు. మళ్లీ తెప్పించి మూడోసారి పెట్టి, నకలు చేతికి వచ్చేదాకా రోజూ పోయి కూర్చున్నాను. నాలుగు వారాల్లో పదకొండు రోజులు దానికే పోయాయి.

నా పాత డైరీలు నేనెప్పుడూ పారేయను. ఆ రోజుది తీశాను. 'ఖాసిం కేసు. ఐదో ముద్దాయి ఒప్పుకోలు. ఒక్క పూట.' చివరి రెండు మాటల కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఖాసిం

ఖాసిం ఇప్పుడు పాలిష్ పట్టడం లేదు. ఆ షెడ్ల వరసలోనే చిన్న అంగడి పెట్టుకుని ఉలులు, సానరాళ్లు, కోత చక్రాలు అమ్ముతున్నాడు. నేను గడప దగ్గర నిలబడి ఎవరినో చెప్పబోయాను.

"తెలుసు సాబ్. అర్జీల సారు," అన్నాడు.

నలభై కిలోమీటర్లు దాటి ఆ పేరు ఆళ్లగడ్డకు కూడా వచ్చింది. "ఆ పేరు నీకెవరు చెప్పినారు?" అన్నాను.

"అది ఇడిసిపెట్టు. వచ్చిన పని చెప్పు."

చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"మోహన్‌ను పంపిచ్చేస్తారా?"

"పంపిచ్చొచ్చు."

"నా పని పోయినప్పుడు ఎవరొచ్చినారు సాబ్?" కుడి చెయ్యి చాపి పిడికిలి బిగించబోయాడు. వేళ్లు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. "సాధారణ గాయమని రాసినారు ఆసుపత్రి కాగితంలో. ఈ చేత్తో నేను మళ్లా రాయి పట్టలా. రాజీ నాడు నన్ను బయట నిలబెట్టి మీరంతా లోపల మాట్లాడుకున్న్యారు. మా షెడ్డాయన వచ్చి మోహన్ పేరు చెప్పు, మిగతావాళ్లు తెలీదను అన్న్యాడు. నిన్ను ఎవడు కొట్టినాడురా అని అడిగినోడు ఒక్కడు ల్యా. నువ్వూ అడగలా."

నేను ముద్దాయిల తరఫు వకీలును. దెబ్బ తిన్నవాణ్ని అడగడం నా పని కాదని మీరు అనొచ్చు. నేనూ బస్సులో అదే అనుకుంటూ వచ్చాను. కానీ నా సొంత ముద్దాయిని మాత్రం అడిగానా? నన్ను కూర్చోమననివాళ్లు, నా పేరు తప్పు చదివినవాళ్లు, అందరూ నాకు గుర్తే. నేను బయట నిలబెట్టిన మనిషి ముఖం మాత్రం ఆ రోజు అంగట్లో చూసేదాకా గుర్తు రాలేదు.

"ఇప్పుడు అడుగుతాండా ఖాసిం. ఎవరు కొట్టినారు?"

"రామాచారి. మోహన్ గాడు వాళ్లన్న నడుం పట్టుకోని ఎనక్కి గుంజుతాండె."

"అది రాసిస్తావా?"

"రాసిస్తా. నువ్వు అడిగితే కాదు. రామాచారి ఈ అంగట్లోకి వచ్చి అడగల్ల."

రామాచారి

రామాచారి షెడ్డు ఇప్పుడు అప్పటికి మూడింతలు ఉంది. ఎనిమిది మంది పనివాళ్లు. నన్ను చూడగానే కాఫీ తెప్పించాడు. తమ్ముడు నోటీసు సంగతి అతనికి ముందే చెప్పాడు.

"ఎంత పెద్ద లాయర్నైనా పెడదాం సార్. నువ్వు చెప్పు, సాలు."

"పెద్ద లాయర్ వద్దు. నువ్వు కావల్ల."

"నేనేం చెయ్యల్ల?"

"సుత్తితో కొట్టింది నువ్వని రాసియ్యల్ల."

ఉలి కింద పెట్టాడు. పనివాళ్లను బయటికి పొమ్మని చేత్తోనే చెప్పాడు.

"ఇన్నేండ్లకు నన్ను జైల్లో పెట్టిస్తావా?"

"ఎవరూ పెట్టరు. ఆ నేరానికి కొత్తగా కేసు పెట్టే గడువు ఎప్పుడో దాటిపోయింది. నీకు పోయేది ఒకటే. ఊర్లో మాట."

"నాకుండేదే అది గదా సార్! దేవస్థానం వాళ్ల చెవిన పడితే, తమ్ముణ్ని ముందరికి తోసి తాను తప్పుకున్న్యాడంటారు."

"అంటారు. అంటే తప్పేంది?"

ముఖం ఎర్రబడింది. "ఏమీ కాదు, సాయంత్రం ఇంటికి పోతాడని చెప్పింది ఎవరు? నువ్వు కాదా?"

"నేనే. అది కూడా రాసినా. చూడు." నా ప్రమాణ పత్రం చిత్తుప్రతి సంచిలోంచి తీసి ఇచ్చాను. తెలుగులో రాసుకున్నదే. అతను నిలబడి మొత్తం చదివాడు.

"ఇది చూస్తే నిన్ను బార్‌లో బతకనిస్తారా సార్?"

"ఎప్పుడు బతకనిచ్చినారప్పా?"

అతనికి నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

"నీ తమ్ముడు నీ బదులు సాయంత్రం దాకా కూచుంటాడనుకున్నాం, నువ్వూ నేనూ. పదిహేడేండ్లాయ. ఇంకా లేయలా," అన్నాను.

అతను మళ్లీ ఉలి తీసుకున్నాడు. నేను పోలేదు. అక్కడే ఒక రాతి దిమ్మె మీద కూర్చున్నాను. పనివాళ్లు తిరిగి వచ్చారు, మిషన్లు మొదలయ్యాయి, నా జుట్టంతా రాతి దుమ్ము. రెండుసార్లు ఎవరో వచ్చి, పెద్దాయన పొమ్మంటున్నాడన్నారు. వినపడలేదన్నాను. ఎండ తగ్గాక రామాచారి కాళ్లూ చేతులూ కడుక్కుని చొక్కా వేసుకున్నాడు.

"నడు సార్."

ఖాసిం తొందరపడలేదు. ముందు ఒక కొనుగోలుదారుకు సానరాయి ఇచ్చి పంపించాడు. తర్వాత కొత్తవాణ్ని చూసినట్టు రామాచారిని చూశాడు.

"ఏం కావల్లప్పా? ఉలులా, చక్రాలా?"

"నీ సంతకం కావల్ల."

"దేనికి?"

రామాచారి నేల చూసి ఏదో అన్నాడు.

"మిషన్ల సద్దులో ఇనపడ్ల్యా. గట్టిగా చెప్పు."

"నిన్ను కొట్టింది నేను ఖాసిం. మోహన్ కాదు."

పక్క అంగడివాడు తల బయటికి పెట్టి చూశాడు. ఖాసిం ఒక స్టూలు ముందుకు జరిపాడు.

"కూచో. టీ తాగు."

వాంగ్మూలం నేను రాశాను. చదివి వినిపించాక ఖాసిం నన్ను ఆపాడు.

"ఇంకోటి రాయి సాబ్. ఆ పొద్దు నన్ను ఆటోలో ఎక్కిచ్చుకోని ఆసుపత్రికి తీసకపోయింది మోహన్ గాడే. కట్టు కట్టేదాకా ఆడనే నిలబడుకున్న్యాడు. వాళ్లన్న తిడతాడని ఎవరికీ చెప్పొద్దన్న్యాడు."

రామాచారి టీ గ్లాసు అలాగే పట్టుకుని ఉన్నాడు. ఈ సంగతి అతనికీ తెలియదు.

మనిషి నడవడికకు అంతకంటే సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? పదిహేడేళ్లు అది ఖాసిం దగ్గర ఉంది. రాజీ నాడు నేను షెడ్డులో కూర్చుని అతన్ని బయట నిలబెట్టినప్పుడు కూడా అతని దగ్గరే ఉంది. ఖాసిం ఎడమ చేత్తో సంతకం పెట్టాడు.

మూడో పేరా

మోహన్ తన వివరణలో, ప్రశ్న ఇంగ్లీషులో ఉంది, నాకు అర్థం కాలేదు అని రాస్తానన్నాడు. వద్దన్నాను. "అర్థం అయింది గదా?" అంటే, "అయింది సార్, అది శిక్ష అనుకోల్యా," అన్నాడు. అదే రాయమన్నాను. అనుమానం వచ్చినప్పుడు ఎవరినైనా అడగాల్సింది, అడగలేదు, అది నా తప్పు అని కూడా రాయమన్నాను. ఒక అబద్ధాన్ని సరిచేయడానికి ఇంకో అబద్ధం రాసిన కేసులు నేను చాలా చూశాను. ఒక్కటీ నిలబడలేదు.

కక్షిదారుతో మాట్లాడింది బయటపెట్టాలంటే అతని రాతపూర్వక అనుమతి ఉండాలి. మోహన్ దగ్గర తీసుకున్నాను. నా ప్రమాణ పత్రంలో మూడు పేరాలు. కోర్టు లేచేదాకా శిక్ష అంటే ఏమిటో మొదటిది. ఎవరు కొట్టారో అడగకుండా చిన్నవాణ్ని ఒప్పుకోమని సలహా ఇచ్చింది నేనేనని రెండోది. మేజిస్ట్రేటు గారు వయసు అడిగి నా వైపు చూసినా, చట్టం తెలిసి కూడా నోరు మెదపలేదని మూడోది.

నోటరీ చేసే మిత్రుడు చదివి తల పట్టుకున్నాడు. "మొదటి రెండూ సాలవాప్పా? మూడోది తీసెయ్. కావాలని నెత్తిన రాయేసుకుంటావా?"

"అది తీసేస్తే మొదటి రెండూ సాకులయితాయి," అన్నాను. అతను ముద్ర వేశాడు కానీ, ఆ పూట నాతో మాట్లాడలేదు.

గడువుకు రెండు రోజుల ముందు, రామాచారి రాసిచ్చినదానితో కలిపి అన్నీ పంపించాం. మూడు నెలలకు జవాబు వచ్చింది. తెరవడానికి భయపడి మోహన్ దాన్ని భార్యకు ఇచ్చాడట, ఆమె చదివి వినిపించింది. వీసా రద్దు చేయడం లేదు. తప్పు సమాధానం ఇచ్చినందుకు గట్టిగా హెచ్చరిస్తున్నాం, ఇక ముందు ఏ చిన్న నేరం చేసినా ఈ సంగతి మళ్లీ పరిశీలిస్తాం అని ఉంది. గాయపడిన వ్యక్తి వాంగ్మూలానికి ఎక్కువ బరువు ఇచ్చామని కూడా ఒక వాక్యం ఉంది.

మోహన్ ఫోను చేసి ఇదంతా చెప్పాడు. చివరికి, "ఖాసిమన్న నంబరుందా సార్?" అన్నాడు. ఇచ్చాను.

పని పూర్తి కాలేదు. ఇక్కడి రిజిస్టరులో అతను ఇంకా శిక్ష పడినవాడే. ఆ శిక్ష చట్టప్రకారం వేయదగినది కాదని అప్పీలు వేయాలి. పదిహేడేళ్ల ఆలస్యాన్ని మన్నించమని దానితో పాటు ఒక అర్జీ పెట్టాలి. కష్టమని అందరూ అంటున్నారు. ఒక జూనియర్ అమ్మాయి వకాల్తా వేస్తానంది, కాగితాలు నేను తయారు చేస్తున్నాను. కొట్టేస్తే పైకోర్టుకు పోతాం.

మీరు చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఒప్పుకుంటానని వచ్చినవాణ్ని అన్నకూ నాయనకూ దూరంగా కూర్చోబెట్టి, ఏం జరిగిందని అడగండి. వయసు అడగండి. కోర్టులో కూర్చోవడం కూడా జైలు శిక్షేనని, రేపు ఏ దేశపు కాగితంలో అడిగినా అవునని రాయాలని, అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. అవునని రాసి, ఎందుకో వివరించి, వీసా తెచ్చుకున్నవాళ్లను నేను చూశాను. ఇంకో వాయిదా పడితే పడనివ్వండి. మీకు పేర్లు పెడతారు. పెట్టనివ్వండి.

నా ప్రమాణ పత్రం ఫొటో ఎలాగో బార్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కింద నవ్వే బొమ్మలు చాలా వచ్చాయి, ఎవరెవరు పెట్టారో రాసి పెట్టుకున్నాను. ఒకాయన నా మీద ఫిర్యాదు చేస్తానన్నాడు. ఎక్కడికి పంపాలో, ఎన్ని ప్రతులు జతచేయాలో కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ ఫొటోలో మూడో పేరా సరిగా పడలేదు. అందుకని పెద్ద అక్షరాలతో ముద్రించి, కింద మళ్లీ సంతకం చేసి, బార్ హాలు నోటీసు బోర్డు మధ్యలో అంటించాను. మర్నాటికి ఎవరో పీకేశారు. మళ్లీ అంటించాను. ఇప్పటికి నాలుగుసార్లు పీకారు, ఐదోది నిన్న అంటించాను. మీరు ఆ హాలులోకి వచ్చిన మొదటి రోజు అది చదవండి. బోర్డు మీద కనపడకపోతే నాకు ఫోను చేయండి. ఇంకో ప్రతి పట్టుకుని వస్తాను.